వారానికొక మాత్ర, వెంట ఒక పరీక్ష

చర్మవ్యాధులను ప్రజారోగ్య ప్రాధాన్యంగా గుర్తిస్తూ 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. సోరియాసిస్‌పై 2014లోనే ఒక తీర్మానం వచ్చింది గనుక ఈసారి కొత్త తీర్మానం విలువను ధర్మవరం మగ్గాల దగ్గర, ఎర్రమంచి కార్ల కర్మాగారం గేటు దగ్గర కొలవాలి. క్షయ, డెంగీ ఉండగా ప్రాణం తీయని జబ్బుకు నిధులెందుకని అడిగేవారుంటారు. కానీ సోరియాసిస్ చర్మంతో ఆగదు. రోగుల్లో కొందరికి కీళ్లవాతం వస్తుంది. పోగులు అతికే నేతకారుని వేలి కణుపులు వాచి బిగిస్తే పోయేది కూలి. చర్మం గీరుకున్న చోట కొత్త మచ్చ లేవడమూ ఈ జబ్బు లక్షణమే. బయోలాజిక్ ఇంజెక్షన్లు పేదలకు అందవన్నది నిజం. బెంగళూరు బయోకాన్ వారి ఇటోలిజుమాబ్‌కు 2013లోనే అనుమతి వచ్చినా ధర దిగిరావాలి కదా. అయితే ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ చౌక మందే. వారానికొకసారి వేసుకోవలసిన ఆ మాత్రను రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, విడమరచి చెప్పే వైద్యుడు, కాలేయ, రక్తకణ పరీక్షలు తప్పనిసరి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో ఒక నిర్ణీత రోజున ఈ రెండూ ఒకేచోట దొరకాలి. మచ్చలపై పూసే స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదన్న 2018 నిబంధనను ఔషధ తనిఖీ అధికారులు దుకాణాల్లో అమలు చేయించాలి. పథ్యం పేరిట వంకాయను వెలివేయడానికి గట్టి ఆధారం లేదు. స్థూలకాయులు బరువు తగ్గితే ఫలితముంటుంది. ఉద్యోగ వైద్యపరీక్షల్లో, సోరియాసిస్ అంటువ్యాధి కాదని కంపెనీ డాక్టర్లు ధ్రువపత్రంలోనే రాయాలి.