వెనక్కి తిప్పితే ఓడినట్టా?

పోయిన వానాకాలం కరీంనగర్ నుంచి కుంటాల జలపాతం చూద్దామని కారులో బయల్దేరాం. ధర్మపురి, లక్షెట్టిపేట దాటితే జన్నారం అడవి. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అదే. ఆ దారంటే పిల్లలకు పండగ. తీరా జన్నారం దాటాక వాగు పొంగి రోడ్డు మీంచి పారుతోంది. అడ్డంగా ముళ్లకంప వేసి దారి మూసేశారు.

"ఏం గాదు, ఇప్పుడే లారీ పోయింది గదా" అన్నారు మావారు. లారీ బరువెంత, మన కారు బరువెంత? అడుగు లోతు పారే నీళ్లు చాలు, చిన్న కారును తేల్చేయడానికి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి అప్పుడే మరిచామా?

"వద్దు, తిప్పండి" అన్నాను గట్టిగా.

జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ చుట్టుకుని నిర్మల్ చేరేసరికి చీకటి పడింది. "నీ భయంతో దినమంతా పోయింది" అని ఆయన సణుగుడు. వెనక సీట్లోంచి అత్తమ్మ అందుకుంది: "దినమే పోయింది గదరా!"

ఆయన మరి మాట్లాడలేదు. మర్నాడు పిల్లలు నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మలు చూశారు, అటునుంచి కుంటాలా చూశారు.

పులిహోర, మందులు, దుప్పట్లు సర్దడం మన వంతు. దారి మాత్రం స్టీరింగ్ పట్టినవారి ఇష్టం. వద్దంటే మనది పిరికితనం! అన్నింటికీ సర్దుకుపోతాం, సరే. ప్రాణాల దగ్గర కూడానా?

ఈసారి ప్రయాణానికి ముందే రెండో దారి కాగితం మీద రాసుకోండి. కారులో ఏ ఒక్కరు "వద్దు" అన్నా బండి ఆగాలని ఇంట్లోనే ఒప్పించుకోండి. ఏమంటారు?