ఒక చెవి పాటకు, ఒక చెవి మందకు

కళ్యాణదుర్గం రోడ్డులో పొద్దువాలే వేళ మంద తోలుకొచ్చే గొర్రెల కాపరిని చూడండి. భుజాన గొంగడి, చేతిలో కట్టె, చొక్కా జేబులో ఫోను. ఫోను నుంచి పైకి పాకిన తెల్ల వైరుకు రెండు కొసలున్నా చెవిలో ఉండేది ఒకటే. రెండోది బొత్తాల మీద వేలాడుతుంటుంది. ఎందుకలా అంటే, "రెండు చెవులూ మూసుకుంటే మంద యాడికి పోయిందో ఎట్ల తెలుస్తాది సామీ?" అని నవ్వుతాడు.

ఇయర్‌ఫోన్లు కొనబోయేవాళ్లకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది. అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల మొబైల్ షాపుల్లో గోడలనిండా అవే. వైరు సెట్లు కొక్కేలకు వేలాడుతుంటే నెక్‌బ్యాండ్లు, బడ్స్ అద్దాల కింద మెరుస్తుంటాయి. కుర్రవాళ్లు అడిగేది ఒక్కటే: "బేస్ ఎట్లుంటాదన్నా?" అర నిమిషం విని డబ్బులిచ్చేస్తారు. బేస్ సంగతి అర నిమిషంలో తెలుస్తుంది, నొప్పి మాత్రం నలభయ్యో నిమిషంలో గానీ తెలియదు. రోజూ వినేవాళ్లు ధర తర్వాత అడగవలసింది "గంట పెట్టుకుంటే చెవి నొయ్యదు కదా?" అని. దానికి షాపువాడు ఏం చెప్పగలడు! స్నేహితుడి దగ్గర అదే రకం ఉంటే ఒక పూట అడిగి తెచ్చుకుని, పెట్టుకుని, పని చేసుకుంటూ చూడటం మేలు.

నడినెత్తిన బరువు, చెవి మీద బిగువు, లోపల ఉక్క. ఇబ్బంది పెట్టేవి ఈ మూడే. మన సీమలో మూడోది మొదటి రెండింటినీ మించిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో, చెవిని పూర్తిగా కప్పే రెగ్జిన్ దిండ్ల హెడ్‌ఫోన్లు పది నిమిషాలకే చెమటతో నిండిపోతాయి. చెవి రంధ్రంలోకి దూరే రబ్బరు మొనలవి బయటి శబ్దాన్ని బాగానే ఆపుతాయి గానీ, లోపలి చెమటను బయటికి పోనివ్వవు. తడి, వేడి నిలిచిన చెవిలో ఫంగస్ చేరడానికి ఎక్కువ రోజులు పట్టదు. చల్లని ఏసీ గదుల్లో, మెట్రో రైళ్లలో పనికొచ్చే సరుకు మన బస్టాండులో కూడా పనికొస్తుందని అనుకోనక్కరలేదు.

మనకు సరిపోయేది నిజానికి పాత సరుకే. 1979 జూలై 1న జపాన్‌లో సోనీ తొలి వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది. అంతకుముందు హెడ్‌ఫోన్లంటే 300, 400 గ్రాముల బరువు. వాక్‌మన్‌తో వచ్చినది 50 గ్రాములకు మించలేదు: సన్నని ఇనుప పట్టీ, రెండు స్పాంజి బిళ్లలు. ఆ స్పాంజిలోంచి గాలి ఆడుతుంది, బయటి మాటా వినిపిస్తుంది. ఇంకో ముచ్చట. ఒక్కరే చెవులు మూసుకుని వినడం ఎదుటివారికి మర్యాదగా ఉండదేమోనని సోనీ పెద్ద అకియో మొరిటాకు అనిపించింది. అందుకే తొలి వాక్‌మన్‌కు ఇద్దరు వినేలా రెండు రంధ్రాలు పెట్టారు. నొక్కితే పాట తగ్గి పక్కవాడి మాట వినిపించే నారింజ రంగు మీట కూడా పెట్టారు. పాట వింటూ మనిషిని పోగొట్టుకోకూడదన్న బెంగ, యంత్రం పుట్టిన రోజునే ఉందన్నమాట. 1984లో అమెరికా కంపెనీ కాస్ తెచ్చిన పోర్టా ప్రో ఇదే దారిలోది. బరువులో కొంత కణతల మీదికి మళ్లించి చెవులకు ఊరటనిచ్చింది. నలభై ఏళ్లు దాటినా దాదాపు అదే రూపంలో ఇప్పటికీ తయారవుతోంది. దాని ధర మనలో అందరికీ అందదు. కానీ ఆ పద్ధతిలో చేసిన తేలికపాటి స్పాంజి సెట్లు, వెతికితే, కొన్ని వందల్లోనే దొరుకుతాయి.

వైరు ఉన్నదే కొనమని చెప్పడానికి అనంతపురంలో ఒక బలమైన కారణం ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య మేఘాలు కోస్తాను తడిపి ఇక్కడికొచ్చేసరికి ఆరిపోతాయి. వేరుశనగ విత్తనం చేతిలో పట్టుకుని ఆకాశం వైపు చూసే రైతుకు రేడియో చెప్పే వాన కబురు పాటకన్నా తీపి. ఎఫ్‌ఎం ఉన్న చాలా ఫోన్లలో ఆకాశవాణి అనంతపురం 101.7 పట్టాలంటే ఇయర్‌ఫోన్ వైరు గుచ్చాల్సిందే, ఆ వైరే ఏరియల్. బ్లూటూత్‌కు ఆ పని రాదు. ఫోన్లలో ఎఫ్‌ఎం పనిచేసేలా ఉంచాలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించింది కూడా. పైగా బడ్స్‌లోని చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తుంది, దాన్ని మార్చే దారి సాధారణంగా ఉండదు. స్పాంజి చిరిగితే స్పాంజి మార్చుకోవచ్చు.

అయితే ఈ సెట్లు అన్ని చోట్లకూ కావు. ధర్మవరంలో చేతిమగ్గం గుంటలో కూర్చున్నవారికి నాడె చప్పుడు మీద పాట హాయిగా వినిపిస్తుంది. మరమగ్గాల షెడ్డులో అలా కాదు. అక్కడి మోతకు పైన పాట వినిపించాలంటే సౌండు పెంచాలి, పెంచితే చెవి పాడవుతుంది. 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినవచ్చుననీ, 90కి చేరితే 4 గంటలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవిని తాకే శక్తి పదింతలవుతుంది మరి. అలాంటి షెడ్డులో చెవులకు కావలసింది పాట కాదు, మోతను ఆపే రక్షణ. హైవే మీద బండి నడిపేవారి చెవిలోనూ ఏదీ ఉండకూడదు. ఆ ఒక్క విషయంలో నచ్చజెప్పడానికి కూడా మనసొప్పదు, గట్టిగానే చెప్పాలి.

కాపరి అన్నకు ఒక చిన్న మాట. ఒక చెవితో వింటే పాటలో ఆ పక్కకు పంచిన వాద్యాలే వినిపిస్తాయి, రెండో పక్క వీణో వేణువో చొక్కా మీద వృథాగా మోగుతుంటుంది. ఫోను సెట్టింగ్స్‌లో మోనో ఆడియో అని ఒకటుంటుంది. అది నొక్కితే పాటంతా ఆ ఒక్క చెవికే వస్తుంది. మంద మీద ఉన్న చెవి మంద మీదే ఉంటుంది.

వైరు తెగేది చాలావరకు పిన్ను దగ్గరే. మొన్న పాతూరు సందులో ఒక రిపేరు కొట్టు ముందు, పల్లె నుంచి వచ్చిన పెద్దాయన తన వైరు సెట్టు ఇచ్చి నిలబడ్డాడు. కుర్రవాడు తెగిన చోట కోసి, లోపలి సన్నని తీగలను విడదీసి, టంకం పెట్టి, కొత్త పిన్ను బిగించాడు. తర్వాత దాన్ని పెద్దాయన ఫోనుకు గుచ్చి ఎఫ్‌ఎం పెట్టాడు. కుడి పక్కది తన చెవికి ఆనించుకుని, ఎడమది పెద్దాయన చెవికి అందించాడు. వాతావరణం గురించి చెబుతున్నారు. రెండూ పలుకుతున్నాయని తెలిసింది, పని అయిపోయింది. అయినా వాన కబురు ముగిసేదాకా ఆ ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.