కండ్లకలక ఎవరి జబ్బు?

సెలవులకు ఇండియా వెళ్ళి ఆగస్టు చివర తిరిగొచ్చేటప్పుడు మన పెట్టెల్లో ఆవకాయ, మామిడి తాండ్రతో పాటు ఒక్కోసారి కండ్లకలక కూడా దిగుతుంది. 2023 వానాకాలంలో తెలుగు జిల్లాలన్నిటా అది చెలరేగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు షార్జాలో మా బిల్డింగులో నాలుగిళ్ళకు పాకింది. కార్లు కడిగే కుర్రాడే అంటించాడని అందరం తేల్చేశాం. వారం రోజులు రావద్దన్నాం. అన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. తీరా లెక్క చూసుకుంటే అతని కళ్ళు ఎర్రబడింది మా పిల్లలు ఎర్రకళ్ళతో తెనాలి నుంచి దిగిన మూడో రోజున!

ఈ జబ్బుకు పేరు పెట్టడంలోనూ ఇదే వరస. మనం మద్రాస్ ఐ అన్నాం. 1969లో ఘానాలోని అక్రాలో, కంట్లో నెత్తురు చిమ్మే కొత్తరకం కండ్లకలక కనిపించింది. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన ఏడు గనుక అక్కడివాళ్ళు దాన్ని 'అపోలో 11' అన్నారు. 1971లో శరణార్థులు తరలివచ్చిన కలకత్తాలో అది 'జయ్ బంగ్లా' అయింది. జపానులో కోనో బృందం ఆ వైరసును వేరుచేసింది. దాని పేరు ఎంటిరోవైరస్ 70. పోలియోకు దాయాది.

దాని జన్యువు సుమారు 7,400 అక్షరాల ఆర్.ఎన్.ఏ. పోగు. నకలు తీసేటప్పుడల్లా తప్పులు దొర్లుతాయి. తాళపత్రాల్లో లేఖకుల తప్పులను పోల్చి ఏ ప్రతికి ఏది తల్లో పండితులు తేల్చినట్టే, మియామురా, తకెడా మొదలైన జపాను శాస్త్రజ్ఞులు 1980లలో నానా దేశాల వైరసులను పోల్చారు. అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే. ఆ మూలం వయసు సుమారు 1967. అంటే చంద్రయానానికీ, బంగ్లా శరణార్థులు ఇల్లు వదలడానికీ ముందే అది పుట్టి తిరుగుతోందన్నమాట.

1970లో సింగపూరులో రెండో వైరసు బయటపడింది: కాక్సాకీ ఏ24లో ఒక మారురకం. దీని కథ ఇంకా చిత్రం. పై తొడుగులో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో, కణాల మీదుండే సియాలిక్ ఆమ్లాన్ని గట్టిగా పట్టుకునే శక్తి దానికి వచ్చిందని 2018లో తేలింది. కంటిని పట్టి పీడించడంలో ఆ మార్పు పాత్ర ఉందంటున్నారు. 70వ నంబరు ఇప్పుడు అరుదు. 2023లో పాకిస్తాన్ నమూనాల్లో దొరికింది ఏ24.

ఇక ఇంటి సంగతి. కళ్ళలోకి చూస్తే అంటదు, నల్లద్దాలు ఎదుటివారిని కాపాడవు. అంటించేది చెయ్యి, తువ్వాలు, దిండుగలీబు. ఒక రోజులోనే బయటపడుతుంది, వారం పదిరోజుల్లో తగ్గుతుంది. వైరసు మీద యాంటీబయాటిక్ చుక్కలు పనిచెయ్యవు. పాత సీసాలో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు డాక్టరును అడక్కుండా వెయ్యకండి. చనుబాలు, పసుపునీళ్ళు కూడా వద్దని బామ్మగారికి మెల్లగా చెప్పాలి. చూపు మసకబారినా, నొప్పి ఎక్కువైనా ఆగవద్దు. 1971 ఉప్పెన తర్వాత బొంబాయిలో డాక్టర్ వాడియా, కొద్దిమందికి కాళ్ళు చచ్చుబడటం గమనించారు.

ఆ కుర్రాడికి పోయిన వారం కూలి నాలుగిళ్ళవాళ్ళం వేసుకుని ఇచ్చాం. తీసుకున్నాడు గానీ, మా కారు మాత్రం చాలారోజులు అన్నిటికన్నా చివర కడిగాడు.