చివరి అట్టు ఎవరిది?

"మీ వ్యాసం బాగుంది. కానీ ఇది వంటకం. మేం సాహిత్య వ్యాసాలే వేస్తాం. మహిళల పేజీ ఉన్న పత్రికకేదైనా పంపండి."

ఆ మధ్య ఒక సంపాదకుడు నాకు రాసిన జవాబు ఇది. కోటవురట్లలో మా మేనత్త అట్లు పోసిన ఒక ఉదయం గురించి రాసి పంపాను నేను. దాన్ని వంటకం అన్నందుకు నాకు కోపం రాలేదు. అది వంటకమే. వంటకంలో ఆలోచన ఉండదని, జ్ఞానం అసలే ఉండదని ఆయన అంత ధీమాగా ఎలా అనగలిగారన్నదే నా గొడవ. అందుకే ఆ ఉదయాన్ని మళ్లీ రాస్తున్నాను. ఈసారి కొలతలతో సహా.

మా అత్తకి రెండు గేదెలు. పాలన్నీ తెల్లారేసరికి పాలకేంద్రానికి పోతాయి. గేదె ఈనిన మొదటి రోజుల ముర్రుపాలు మాత్రం అక్కడ తీసుకోరు. దూడ తాగగా మిగిలిన ఆ పాలలో బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద పెడుతుంది. అదే జున్ను. ఆ ఇంట్లో వాళ్ల పాలు వాళ్లు కడుపునిండా తినేది ఆ నాలుగు రోజులే.

మేం వెళ్లిన రోజు మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పట్టుకొచ్చింది. రికొట్టా పాన్‌కేక్‌లు. పది నిమిషాల్లో దూదిలాంటి అట్లట. రికొట్టా అంటే ఏమిటని అత్త అడిగితే, మన నిఘంటువులు నేర్పిన ప్రకారం "జున్నులాంటిదమ్మమ్మా" అంది పిల్ల.

"గేదె ఈనలేదు గదే, జున్నెక్కడిదీ?" అంది అత్త.

రికొట్టా ఇటలీ వాళ్లది. ఆ మాటకి మళ్లీ కాచినది అని అర్థం. జున్నుగడ్డ తీశాక మిగిలిన తేటని మళ్లీ కాచి, అందులో ఇంకా మిగిలిన మెత్తటి పలుకుల్ని పట్టుకుంటారు. అంటే అది కూడా పారబొయ్యకుండా పొదుపు చెయ్యడం తెలిసిన వంటింట్లో పుట్టిందే. ఇది చెప్పగానే అత్తకి సంగతి అర్థమైపోయింది. కేంద్రానికి పోవాల్సిన పాలలోంచి ఒక లీటరు ఆపింది. పొంగు రాగానే దించి, రెండు చెంచాల నిమ్మరసం కొంచెం కొంచెంగా పోసింది. పలుకులు విడి, తేట పచ్చగా కనపడగానే చెయ్యి ఆపేసింది. ఇంకా పోస్తే పులుపెక్కి గట్టిపడుతుందట. పల్చటి గుడ్డలో వేసి వేలాడదీసింది గానీ బరువు పెట్టలేదు. బరువు పెడితే పనీరు ముక్కవుతుంది, మెత్తదనం పోతుంది. అరగంటకి రెండొందల గ్రాముల దాకా తెల్లటి ముద్ద వచ్చింది.

మూడు గుడ్లు. పచ్చసొనలో ఆ ముద్ద, ముప్పావు కప్పు తేట, ముప్పావు కప్పు మైదా, చెంచాడు బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు. తెల్లసొన వేరే గిన్నెలో. వీడియోలో దానికి మెషీను వాడారు. అత్త చేత్తో గిలక్కొట్టింది. ఎంతసేపు కొట్టాలో ఎవరూ చెప్పలేదు. "గారెల పిండి నీళ్లలో ఏస్తే తేల్తాది సూడు, అలగొచ్చేదాకా" అంది. చాలాసేపు రుబ్బిన మినప్పిండిలో పప్పులోని మాంసకృత్తులు, జిగురు గాలిని పట్టి ఉంచుతాయి. గుడ్డులో ఆ పని తెల్లసొన చేస్తుంది. రెండూ ఒకటే సూత్రమని పుస్తకం చదవకుండానే ఆమెకి తెలుసు. నురగని పిండిలో గరిటతో తిప్పలేదు, అడుగునుంచి పైకి మెల్లగా మడిచింది. ఎక్కువ కలిపితే గాలి పోతుంది, మైదాలో బంక పెరిగి అట్టు సాగుతుంది. సన్నటి సెగ మీద పెనం. పైన బుడగలు విచ్చుకోగానే అట్లకాడతో ఒక్క తిప్పు. పొంగిన అట్టు మీద అనకాపల్లి బెల్లం పాకం.

ఇదంతా జ్ఞానం కాకపోతే మరేమిటి? పరిశీలన ఉంది, పోలిక ఉంది, ఒక పదార్థంలో నేర్చుకున్నదాన్ని ఇంకో పదార్థానికి వర్తింపజేయడం ఉంది. ఇవే పనులు ప్రయోగశాలలో జరిగితే పరిశోధన అంటాం. అత్త చేస్తే చేతి మహిమ అంటాం, అమ్మచేతి కమ్మదనం అంటాం. మహిమకి జీతం ఇవ్వక్కర్లేదు కదా! పేరు కూడా రాయక్కర్లేదు. హోటల్లో అదే పెనం ముందు నిలబడ్డవాణ్ణి మాస్టర్ అని పిలుస్తాం. మన భాషలో గొప్ప వంటకి పేరేమిటి? నలభీమపాకం. వేల ఏళ్లుగా కోట్లమంది ఆడవాళ్లు పొయ్యి దగ్గర మాడిపోతే ఆ పేరు ఇద్దరు మగవాళ్లకి పోయింది. మరి ద్రౌపదికి దక్కిందేమిటి? అక్షయపాత్ర. దాని షరతు గుర్తుందా? ఆమె తినేదాకే అది అన్నం పెడుతుంది. ఆమె తిన్నాక ఆ పూటకి ఖాళీ. అంటే ఆమె అందరికన్నా ఆఖర్న తినాలన్న నియమం ఆ పాత్రలోనే ఉంది. ఆమె తిన్నాక దుర్వాసుడు శిష్యులతో వచ్చేసరికి ఇల్లంతా వణికిపోయింది. ఒక ఆడది భోంచేసి కూర్చోవడమే ఆ కథలో ఆపద!

కోటవురట్లలో ఆ ఉదయం కూడా అదే నియమం నడిచింది. మామయ్య, ఇద్దరు బావలు, పిల్లలు వేడివేడిగా తిన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ తిన్నాను. "ఇంకోటి" అని కంచం చాపాను కూడా. పది నిమిషాల అట్లకి పాలు కాగడం నుంచి గిన్నెలు తోమడం దాకా రెండు గంటలు దాటింది. చివరికి రెండు మిగిలాయి. ఒకటి అంచు మాడింది. ఈ రకం అట్లు చల్లారితే గాలి దిగి చప్పబడిపోతాయి. అవి మెత్తగా ఉండేది పెనం మీంచి దిగిన కాసేపే. కాబట్టి మా అత్త తను చేసిన అట్టు అసలు రుచి ఎరగదు. నోరు చప్పరించి "తీపి దిబ్బరొట్టి లాగుంది" అంది. పాపం, ఆమె తిన్నది నిజంగా అలాగే ఉండి ఉంటుంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతా? దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే చూడండి. 2019లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 97. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మందైతే మగవాళ్లలో 26 మందే. 2024 నాటికి ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో మనకి తగ్గింది పది నిమిషాలు. ఆ పదిని మగవాళ్లు అందుకున్నారా అంటే వాళ్లకీ తొమ్మిది తగ్గాయి. ఆ పది నిమిషాల్లోనే దూదిలాంటి అట్లు పొయ్యమంటోంది వీడియో.

పండగలైనా మనవేనా? తెలుగులో అట్టు పేరున్న పండగ ఒక్కటే, అట్లతద్ది. ఆశ్వయుజ బహుళ తదియనాడు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, పగలంతా ఉపవాసముండి, అట్లు పోసి గౌరీదేవికి నైవేద్యం పెట్టి ముత్తయిదువకి వాయనమిచ్చి, చంద్రుణ్ణి చూశాకే తినాలి. ఎందుకట? మంచి మొగుడి కోసం. ఉయ్యాలలూ ఆటలూ నాకూ ఇష్టమే. కానీ ఆకలితో ఉన్న మనిషి చేత అట్లు పోయించి, ఆ వాసన మధ్యే ఓర్పు నేర్పే బడి అది.

ఇక్కడిదాకా మీరు నాతోనే ఉంటారు. ఇకముందు చెప్పేది మన గురించి.

1993లో నీలిమేఘాలు వచ్చే నాటికే మన కవయిత్రులు వంటింటిని నిలదీశారు. విమల వంటిల్లు కవిత చదివి నాలాంటివాళ్లెందరో మా అమ్మల్ని కొత్తగా చూశాం. ఆ కోపం ఇప్పటికీ నా కోపమే. కానీ ఆ తర్వాత మనం చేసిందేమిటి? వంటింట్లోంచి బయటికొచ్చాం, మన స్థానంలో ఇంకో ఆడమనిషిని నిలబెట్టాం. మనం సెమినార్ పేపరు రాసుకుంటుంటే వేడి అట్టు బల్ల మీదికి తెచ్చేది ఆమే. ఆమె మన ఇంట్లో ఎప్పుడైనా కూర్చుని, మన కంచం లాంటి కంచంలో, పెనం మీంచి దిగిన అట్టు తిన్నదా? ఇంటి పనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ప్రభుత్వాన్ని అడుగుదాం. దానికన్నా ముందు వారానికో సెలవు, ఏడాదికోసారి జీతం పెంపు మన ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకుందాం.

రెండో తప్పు మన రాతల్లో ఉంది. వంటింటి వాసన అని ఎవరో వెక్కిరించగానే ఆ వాసన కడిగేసుకున్నాం. వంట మీద రాస్తే తక్కువ చూపు చూస్తారని సిద్ధాంతం వెనక దాక్కున్నాం. బానిసత్వాన్ని ద్వేషించడానికి ఆ బానిసత్వంలోనే ఆడవాళ్లు కూడబెట్టిన నేర్పుని కూడా పారబొయ్యాలా? ఇటలీ వాళ్లు తేట నీళ్లు కూడా పారబొయ్యలేదు!

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అట్లకాడ నేను తీసుకున్నాను. రెండో పొయ్యి మీద చిన్న బావని నిలబెట్టాను. మొదటి అట్టు అత్త చేతికిచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె చేసిన మొదటి పని అందులో సగం తుంచి మనవడి నోట్లో పెట్టడం. "నాకిలా తినడం సేతకాదే కోడలా" అంది. డెబ్బై ఏళ్ల అలవాటు ఒక్క అట్టుతో పోతుందని నేనూ అనుకోలేదు. రెండోది కూడా వేడిగా ఆమెకే పెట్టాను. మూడోదీ ఆమెకే. మామయ్య కంచం పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. అంతసేపు నిలబడ్డం ఆయనకదే మొదటిసారి.

నిలబడనివ్వండి. మీ ఇళ్లలోనూ.