గజం ధరలో మన పేరు ఖరీదు ఎంత?

వరంగల్ నగరంలో ఇల్లు కొనదలచిన వారు ముందుగా అడిగేది గజం ధర. సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం వైపు ఒక ధర. మండీబజార్, చార్‌బౌళి, కరీమాబాద్ వైపు మరొక ధర. ఈ తేడాకు కారణమేమని అడిగితే రోడ్డు వెడల్పు, బడి, ఆసుపత్రి, నీటి వసతి అని దళారి వరుసగా చెబుతాడు. అవన్నీ నిజమే. అయితే అతడు పైకి చెప్పని కారణం ఒకటున్నది. ఫోనులో చక్కగా సాగిన బేరం కొనేవారి పేరు వినగానే ఎందుకు ఆగిపోతుంది? నిన్నటి దాకా అమ్మకానికి ఉన్న ఫ్లాటు, ‘అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోవడం లేదు’ అన్న ఒక్క మాటతో ఎందుకు మాయమవుతుంది? బయానా సొమ్ముతో వెళ్ళి, ఆ సొమ్మును అలాగే వెనక్కి తెచ్చుకున్న కుటుంబాలు మన మధ్య తక్కువేమీ లేవు.

మేము చెప్పదలచింది ఒక్కటే. మార్కెట్ అనేది అందరినీ సమానంగా తూచే తరాజు కాదు. ముస్లిం కుటుంబం ఒకే ఇంటికి రెండుసార్లు దండుగ చెల్లిస్తున్నది.

మొదటి దండుగ కొనేటప్పుడు. నగరంలో అనేక తలుపులు మూసుకున్నప్పుడు అందరూ కొన్ని మొహల్లాల్లోనే వెతకవలసి వస్తుంది. ఇరుకు సందులో, మురుగు కాలువ పక్కన, 60 గజాల జాగాకు కూడా పది మంది పోటీపడతారు. అక్కడ దొరికే వసతులతో పోల్చి చూస్తే ఆ ధర చౌక కాదు. రెండవ దండుగ అమ్మేటప్పుడు. బిడ్డ చదువుకో, వైద్యానికో అదే ఇంటిని అమ్మకానికి పెడితే బయటివారు ఆ గల్లీకి రారు. కొనవలసింది పక్కింటివారే, వారి చేతిలో సొమ్ము అంతంత మాత్రమే. జీవితకాలపు సంపాదన ఆ గోడల్లోనే చిక్కుకుపోతుంది.

ఇది మా ఊహ కాదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు కోరుకున్న చోట ఇల్లు కొనలేక, అద్దెకు పొందలేక ఒకేచోట గుమిగూడి బతుకుతున్న తీరును నమోదు చేసింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ‘ప్రతికూల ప్రాంతాలు’గా గుర్తించి అక్కడ అప్పులు సులభంగా ఇవ్వడం లేదని కూడా చెప్పింది. అప్పు పుట్టని చోట ఇంటికి ధర ఎలా పెరుగుతుంది? వడ్డీకి దూరంగా ఉండదలచిన వారి మాట అలా ఉంచితే, అప్పు తీసుకోవడానికి సిద్ధపడిన వారికి కూడా చిరునామాయే అడ్డుపడితే దానిని వివక్ష అనక మరేమనాలి?

కాగితాల సంగతి కూడా చూద్దాం. తెలంగాణలో 2021 జూలై నుండి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిసి 7.5 శాతానికి చేరాయి. 30 లక్షల ఇంటికి ఇది 2 లక్షల 25 వేలు. మెకానిక్ షెడ్డు మీద, తోపుడు బండి మీద బతికే కుటుంబం ఆ సొమ్ము తేలేక నోటరీ కాగితంతో సరిపెట్టుకుంటుంది. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకాన్ని రిజిస్టర్ చేయాలని 1908 నాటి చట్టం చెబుతున్నది. నోటరీ కాగితంతో హక్కు సంక్రమించదు, బ్యాంకు అప్పు రాదు, సరైన ధర పలకదు. పట్టణాల్లో 125 గజాల లోపు నోటరీ ఆస్తుల క్రమబద్ధీకరణకు 2023లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దాని సంగతి మన గల్లీల్లో ఎందరికి తెలిసింది? మసీదు కమిటీలు ఒక్క జుమా నాడైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

‘ముస్లింలు తమవారి మధ్యనే ఉండాలని కోరుకుంటారు’ అనే వాదన ఒకటున్నది. మసీదు దగ్గర ఉండాలని కోరుకోవడం వేరు, మరెక్కడా ఇల్లు దొరకకపోవడం వేరు. ఈ నగరం ఎప్పుడూ ఇలా లేదు. 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లులో అన్ని మతాల కార్మికులూ ఒకే గేటు గుండా పనిలోకి వెళ్ళారు. సుబేదారి అనే పేరే నిజాం కాలపు సుబేదారును గుర్తుచేస్తుంది. ఆ పేరు మిగిలిన చోట మన పేర్లకు తావు లేకుండా పోవడం ఎవరి కోరిక?

‘ఆస్తి యజమానిది, అమ్మడం అతని ఇష్టం’ అనేది మరొక వాదన. రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును ఇచ్చింది. కానీ మత వివక్షను నిషేధించే 15వ అధికరణం ప్రధానంగా రాజ్యానికే వర్తిస్తుంది. ఇళ్ళ అమ్మకం, అద్దె అందులో లేవు. సభ్యత్వాన్ని ఒక సముదాయానికే పరిమితం చేసుకున్న పార్సీ గృహనిర్మాణ సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. అమెరికా మాత్రం 1968లోనే ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో జాతి, మత వివక్షను చట్టంతో నిషేధించింది. సచార్ కమిటీ సూచించిన సమాన అవకాశాల కమిషన్ మన దేశంలో నేటికీ కాగితం దాటలేదు.

ఇతరులను ప్రశ్నించే నోటితోనే మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. ‘మన మొహల్లా’ అనే భయాన్ని సొమ్ము చేసుకొని, అనుమతి లేని అంతస్తులను అధిక ధరకు అంటగట్టే బిల్డర్లు మనలోనూ ఉన్నారు. దళిత కుటుంబానికి అద్దెకు ఇవ్వడానికి వెనుకాడే ఇంటివారు మనలోనూ ఉన్నారు. వారసత్వంలో కూతురికి షరీయత్ ఇచ్చిన వాటాను ‘పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా’ అని ఎగవేసేవారూ ఉన్నారు. మనం పాటించని న్యాయాన్ని ఇతరుల నుండి ఏ ముఖంతో అడుగుతాం?

మా డిమాండ్లు స్పష్టమైనవి. ఇంగ్లండులో ఇళ్ళ అమ్మకపు ధరలను అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీ బహిరంగంగా ప్రచురిస్తుంది. మన రిజిస్ట్రేషన్ శాఖ కూడా వరంగల్‌లో రిజిస్టరైన అమ్మకాల ధరలను మొహల్లాల వారీగా ప్రకటించాలి. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ 66 డివిజన్లలో రోడ్లు, డ్రైనేజీ మీద పెట్టిన ఖర్చును డివిజన్ల వారీగా వెల్లడించాలి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఏ గల్లీ ధరను ఎవరి నిర్లక్ష్యం తగ్గించిందో తేలిపోతుంది. మతం, కులం పేరిట ఇల్లు నిరాకరించడాన్ని నేరంగా పరిగణించే చట్టాన్ని శాసనసభ చేయాలి.

అంతవరకు మన పని మనం మొదలుపెడదాం. ఇల్లు నిరాకరించబడిన ప్రతి కుటుంబం తేదీ, స్థలం, అన్న మాట రాసిపెట్టుకోవాలి. కార్యకర్తలు వాటిని కూడగట్టి రాష్ట్ర మైనారిటీ కమిషన్ ముందుంచాలి. కార్పొరేషన్ ఖర్చుల లెక్క ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఒక్కొక్కరు విడిగా మింగుతున్న అవమానం రుజువుగా మారేది అప్పుడే.