పన్నులో సిమెంటు, బిల్లులో మెలిక

మొన్న మార్చిలో కుడివైపు దవడపన్నుకి సిమెంటు పెట్టించుకున్నాను. పంటి రంగులోనే ఉండే రకం. అద్దంలో ఎంత వెతుక్కున్నా ఎక్కడ పెట్టారో నాకే కనబడలేదు. మూడు వారాల తరవాత ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం వచ్చింది. అది మాత్రం బాగానే కనబడింది!

డాక్టరు గారి ఫీజు 230 డాలర్లు. నా పాలసీ ప్రకారం నూటికి 80 వాళ్ళు కట్టాలి. కాని ఆ 80 శాతం లెక్కగట్టింది 230 మీద కాదు, వెండి సిమెంటు పెట్టి ఉంటే అయ్యే 140 మీద. 46 డాలర్లతో పోతుందనుకున్నవాడిని 118 కట్టాను. ఫోను చేస్తే, అంతకన్నా చవకైన వైద్యం ఉంది కదా అని అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. చిత్రమేమిటంటే మా డాక్టరు గారు వెండి సిమెంటు వాడడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ కొట్లో దొరకని సరుకు ధరకి నాకు డబ్బులిచ్చారన్న మాట.

అమెరికాలో చాలా పాలసీల్లో ఈ మెలిక ఉంది. ముందుపళ్ళకి పేచీ ఉండదు, దవడపళ్ళకే. ఎవరికీ కనబడని పంటికి అందమెందుకని కాబోలు. నా అభ్యంతరం అక్కడే. ఇది అందం గొడవ కాదు.

మనం వెండి సిమెంటు అనేదాంట్లో బరువుకి దాదాపు సగం పాదరసం. మిగిలింది వెండి, తగరం, రాగి. అది తనంతట తాను పంటికి అతుక్కోదు, గుంటలో ఇరుక్కుని కూర్చుంటుంది. జారిపోకుండా ఉండాలంటే ఆ గుంట మన చెంబులాగ మూతి దగ్గర ఇరుగ్గా, లోపల వెడల్పుగా ఉండాలి. అంటే పుచ్చు ఇంత ఉంటే, దానితో పాటు బాగున్న పన్ను కూడా కాస్త చెక్కెయ్యాలి.

1955లో రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు పంటి పై పొర మీద ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి కడిగితే, ఆ గరుకుతనాన్ని పట్టుకుని ప్లాస్టిక్ గట్టిగా అంటుకుంటుందని చూపించాడు. తరవాత రఫేల్ బోవెన్ అందుకు తగిన రెజిన్ తయారుచేసి 1962లో పేటెంటు పొందాడు. ఆ రెజిన్‌లో సన్నటి గాజుపొడి లాంటిది కలిపితే ఇప్పటి కాంపోజిట్. నీలం దీపం కొన్ని సెకన్లు చూపిస్తే గట్టిపడుతుంది. అతుక్కుంటుంది కనక చెంబు తవ్వక్కర్లేదు, పుచ్చినంత మేర తీస్తే చాలు. మిగిలిన పన్ను మనకి దక్కుతుంది. నాకు కావలసింది అదీ, రంగు కాదు.

దీనికీ లోపాలున్నాయి. గట్టిపడేటప్పుడు నూటికి రెండు మూడు వంతులు కుంచించుకుపోతుంది. అందుకే రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెడతారు. ఆ కాసేపూ ఉమ్మి తడి తగిలితే పని చెడుతుంది. నోరు తెరుచుకుని కూర్చోవడమూ ఎక్కువసేపే. దవడపళ్ళలో పెద్ద గుంటలకయితే వెండి సిమెంటే ఎక్కువ కాలం నిలుస్తుందన్న మాటా నిజమే.

అలాగని పాత వెండి సిమెంటు పీకించుకోమని నేననను. నా నోట్లో గుంటూరులో చదువుకునే రోజుల్లో పెట్టించుకున్నవి మూడున్నాయి. పాదరసం విషమండీ, అన్నీ మార్చేద్దాం అని ఇంకో డాక్టరు ఉత్సాహపడ్డాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. 2020లో ఎఫ్.డి.ఎ. గర్భిణులూ, ఆరేళ్ళ లోపు పిల్లలూ, మూత్రపిండాల జబ్బున్నవారూ మొదలైనవారు కొత్తగా వెండి సిమెంటు పెట్టించుకోకుండా ఉంటే మంచిదని చెబుతూనే, చెక్కుచెదరకుండా ఉన్నవాటిని వైద్యపరమైన అవసరం లేకుండా తియ్యవద్దంది. తవ్వితే పాదరసం ఆవిరి కాస్త ఎక్కువగా వెలువడుతుంది, పైగా మంచి పన్ను కొంత పోతుంది.

ఐరోపా యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి వైద్య అవసరాలకి తప్ప, వెండి సిమెంటు వాడడం లేదు. 2034 కల్లా ప్రపంచమంతటా మానెయ్యాలని మినమాటా ఒప్పందం దేశాలు 2025 నవంబరులో నిర్ణయించాయి. అలాంటి సరుకుని కొలబద్దగా పెట్టుకుని మన బిల్లులు కత్తిరించడం ఎంతకాలం?

పాలసీ కొనేది మీ కంపెనీ అయితే, ఈ మెలిక తీయించమని అడిగే వీలు వాళ్ళకి చాలాసార్లు ఉంటుంది. పని మొదలెట్టకముందే డాక్టరు గారి చేత డి2391 కోడు మీద ఎస్టిమేటు పంపించి, ఎంత ఇస్తారో రాతలో తెప్పించుకోండి. నేను ఆ పని చెయ్యలేదు. మా ఆఫీసులో హెచ్.ఆర్. వాళ్ళకి మాత్రం ఉత్తరం రాశాను. పరిశీలిస్తామన్నారు. ఎడమవైపు పన్ను ఒకటి అప్పుడే సలపడం మొదలెట్టింది.