యూడీపీ స్పీడా, టీసీపీ భరోసానా?



మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్‌ని సర్వర్‌గా పెట్టుకున్నాం. ఖాందాన్ షాదీల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, అన్నింటికన్నా ముఖ్యంగా మర్హూమా నానీ ఆవాజ్ ఉన్న రికార్డింగులు అందులోనే ఉన్నాయి. ఇంట్లోని మిగతా లినక్స్ కంప్యూటర్లు ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఆ ఫోల్డర్‌ని తమ సొంత డిస్క్‌లాగే వాడుకుంటాయి.

మొన్న మా తమ్ముడు దాని సెట్టింగ్ మార్చేశాడు. "భయ్యా, టీసీపీ తీసేసి యూడీపీ పెట్టాను. ఇక స్పీడ్ చూడు!" అన్నాడు ఖుషీగా. నేను ఆ రాత్రే మళ్లీ టీసీపీకి మార్చాను. వాడు నారాజ్ అయ్యాడు. వాడికి చెప్పిన వజా మీకూ చెబుతాను. ఇలాంటి సర్వర్లు ఇప్పుడు మన ఇళ్లల్లో, చిన్న దుకాణాల్లో కూడా ఉంటున్నాయి కదా.

బక్రీద్ నాడు గోష్త్ హిస్సాలు పంపుతాం. ఒక పిల్లాడు ప్రతి ఇంటా ఇచ్చి, "అందింది" అనిపించుకుని వస్తాడు. అందకపోతే మళ్లీ వెళ్తాడు. ఇది టీసీపీ. ఇంకో పిల్లాడు గుమ్మంలో పెట్టేసి పరిగెత్తుకొస్తాడు. అందిందో లేదో వాడికి ఖబర్ ఉండదు. ఇది యూడీపీ. రెండోవాడు జల్దీగా తిరిగొస్తాడు, నిజమే. కానీ పంపింది అందడం కదా మన మక్సద్!

యూడీపీని ఎంచుకున్నవాళ్లు నాదాన్లేమీ కాదు. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చినప్పుడు కంప్యూటర్లకు తాఖత్ తక్కువ. టీసీపీ లెక్కలు వాటికి బరువు. ఒకే గదిలో వైరుతో కలిపిన నాలుగు యంత్రాలకు యూడీపీ సరిపోయింది. కానీ జమానా మారింది. 1995 నాటి మూడో వెర్షన్ కాలానికి టీసీపీ వాడకం పెరిగింది. నాలుగో వెర్షన్ అయితే నెట్‌వర్క్ రద్దీని చూసి వేగం తగ్గించుకునే పద్ధతి ఉండి తీరాలంది. ఆ పద్ధతి యూడీపీలో లేదు.

అసలు మసలా ఇక్కడుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ఒకేసారి 32 కిలోబైట్లు రాస్తే, మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కి 1500 బైట్లే పడతాయి. కాబట్టి యూడీపీలో ఆ రాత 23 ముక్కలవుతుంది. ఒక్క ముక్క పోయినా మిగతా 22 బేకార్. మొత్తం మళ్లీ పంపాల్సిందే. నూటికి ఒక ముక్క పోయే నెట్‌వర్క్‌లో, ఆ లెక్కన ప్రతి ఐదు రాతల్లో ఒకటి పాడవుతుంది. టీసీపీ మాత్రం పోయిన ముక్కనే మళ్లీ పంపుతుంది, దారి ఇరుకైతే నెమ్మదిస్తుంది. సర్వర్ గిగాబిట్ వైరు మీద, అందుకునే ల్యాప్‌టాప్ నెమ్మదైన లైను మీద ఉంటే మధ్యలో స్విచ్ నిండిపోయి ముక్కలు రాలిపోతాయి. అప్పుడు యూడీపీ స్పీడ్ అనేది పేరుకే.

స్పీడ్ పోతే సబర్ చేయొచ్చు. నాకు ఖౌఫ్ పుట్టించింది వేరే సంగతి. ముక్కల్ని మళ్లీ జోడించడానికి ప్రతి రాతకీ ఒక నంబరు ఉంటుంది. ఐపీవీ4లో ఆ నంబర్లు 65,536 మాత్రమే. గిగాబిట్ లైను మీద 8 కిలోబైట్ల చొప్పున నిండుగా పంపితే నాలుగైదు సెకన్లలో నంబర్లన్నీ అయిపోయి మళ్లీ మొదటికొస్తాయి. లినక్స్ మాత్రం తప్పిపోయిన ముక్క కోసం మామూలుగా 30 సెకన్లు ఇంతెజార్ చేస్తుంది. ఈలోగా అదే నంబరుతో వచ్చిన కొత్త ముక్క పాత రాతలో కలిసిపోవచ్చు. 16 బిట్ల చెక్‌సమ్ చాలాసార్లు పట్టుకుంటుంది, ప్రతిసారీ కాదు. పట్టుకోనప్పుడు ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఫైల్ ఖామోష్‌గా ఖరాబ్ అవుతుంది. నానీ దువా మధ్యలో ఒక గరగర శబ్దం వస్తుంది. అది మనకు తెలిసేది ఎన్నేళ్లకో!

ఇది నా వహమ్ కాదు. లినక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ మాన్యువల్ పేజీలోనే ఈ ఖత్రా రాసి ఉంది. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌లో యూడీపీని డిఫాల్ట్‌గా ఆపేశారు కూడా. మా తమ్ముడి యంత్రంలో పాత కెర్నెల్ ఉంది కాబట్టే వాడి సెట్టింగ్ పనిచేసింది.

"అయితే స్పీడ్ వద్దా?" అని వాడి సవాల్. కావాలి, జాయెజ్ దారిలో. టీసీపీ మీద ఒక్కో రాత 1 మెగాబైట్ వరకు పెంచుకోవచ్చు. కెర్నెల్ 5.3 నుంచి ఎన్‌కనెక్ట్ అనే ఆప్షన్‌తో ఒకేసారి 16 టీసీపీ కనెక్షన్ల దాకా వాడుకోవచ్చు. ఇంట్లో అయితే అంతకన్నా ముందు వైఫై బదులు ఒక వైరు లాగితే చాలు. సర్వర్‌లో 'సింక్' తీసి 'అసింక్' పెట్టమనే సలహా కూడా వినకండి. డిస్క్ మీద రాయకముందే 'రాశాను' అని చెప్పడం ఝూఠీ గవాహీ లాంటిదే. కరెంటు పోతే ఆ ఝూఠ్ బయటపడుతుంది.

టీసీపీ ఉందని బేఫికర్ కావద్దు. వేరే డిస్క్‌లో ఒక నకలు ఉండాలి, అప్పుడప్పుడు రెండింటినీ సరిపోల్చుకోవాలి.

యూడీపీ హరామ్ అని నేను అనడం లేదు. ఫోన్ మాటల్లో ఒక ముక్క పోతే "హలో?" అని మళ్లీ అడుగుతాం, నుక్సాన్ లేదు. కానీ దాచమని ఇచ్చిన వస్తువు అమానత్. దాని విషయంలో మొదట అడగాల్సింది ఎంత జల్దీగా చేరిందని కాదు, ఇచ్చింది ఇచ్చినట్టు చేరిందా అని. 'జల్దీ కా కామ్ షైతాన్ కా' అని మన నానీలు ఊరికే అనలేదు.

తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ నిన్న వాడే వెళ్లి కొత్త ఈథర్‌నెట్ వైరు కొనుక్కొచ్చాడు. అల్‌హమ్దులిల్లాహ్.